సైనికుని ఇంటి ముంగిట కౌన్సెలర్

సైనికుడనగానే మన కళ్ల ముందు నిలిచేవి తుపాకి, సరిహద్దు, కవాతు. పతకం అందుకుంటున్న వీరుని ఛాయాచిత్రాన్ని పత్రికలలో చూస్తాం. వీరమరణం పొందినవాని భౌతికకాయానికి జరిగే సైనిక లాంఛనాలను చూసి కన్నీరు పెడతాం. ఈ రెండింటికీ నడుమ ఉండే సుదీర్ఘమైన జీవితం మాత్రం మన దృష్టికి రాదు. సెలవుపై ఇంటికి వచ్చిన సైనికుడు రాత్రివేళ ఎందుకు నిద్రపోలేకపోతున్నాడు, అతడు లేని కాలంలో ఇల్లు నడిపిన భార్య అతడు వచ్చిన తరువాత ఎందుకు కంటతడి పెడుతున్నది, తండ్రిని చూసి బిడ్డ ఎందుకు తలుపు చాటుకు తప్పుకుంటున్నది అనే ప్రశ్నలకు పతకాలలో గాని లాంఛనాలలో గాని సమాధానం దొరకదు. ఆ ప్రశ్నలను వినడమే వృత్తిగా స్వీకరించినవారు కొందరున్నారు. వారే సైనిక కుటుంబాల కౌన్సెలర్లు. అమెరికాలో బాగా వేళ్లూనిన ఈ వృత్తి ఎట్లా పుట్టింది, దానిలో ప్రవేశించేవారు ఏమి చదువుతారు, ఏమి చేస్తారు, ఏమి చేయకూడదు అనే విషయాలను మా విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయం మీద మాకు ఆసక్తి కలగడానికి కారణం ఒక పొరపాటు. ఆ పొరపాటు మాదే కనుక దాచకుండా చెప్పుకుంటాం. కొన్నేళ్ల క్రితం మా తరగతిలో ఒక విద్యార్థి వెనుక బల్ల మీద కూర్చుని తరచుగా కునికిపాట్లు పడుతుండేవాడు. ఒకనాడు అందరి ముందూ అతణ్ణి నిలబెట్టి, చదువు మీద శ్రద్ధ లేనివాడు తల్లిదండ్రుల డబ్బు దండుగ చేయడమెందుకని మందలించాం. అతడు తల వంచుకుని నిలబడ్డాడే తప్ప బదులు చెప్పలేదు. వారం తరువాత అతని తల్లి అధ్యాపకుల గదికి వచ్చింది. పెద్ద కుమారుడు సైన్యంలో జవాను. రెండు నెలల సెలవు మీద వచ్చాడు. రాత్రంతా వసారాలో అటూ ఇటూ తిరుగుతాడు. చిన్న చప్పుడైనా ఉలిక్కిపడి లేస్తాడు. అన్నను ఒంటరిగా వదలడానికి భయపడి తమ్ముడు కూడా మేలుకుని ఉంటున్నాడు. "సార్, మా పెద్దోడు ఇంటికొచ్చాడు గానీ ఇంట్లో లేడు. ఎవరికి చూపించమంటారు?" అని ఆ తల్లి అడిగింది. ఆ ప్రశ్నకు మా దగ్గర సమాధానం లేదు. "ఓపిక పట్టండమ్మా, అన్నీ సర్దుకుంటాయి" అని పంపించాం. ఓపిక ఆమెకు మేము నేర్పవలసినది కాదని ఆమె గేటు దాటిన తరువాత గాని మాకు తోచలేదు. ఆ రోజు మేము ఏమి చెప్పి ఉండవలసింది అనే ఆలోచనే మమ్మల్ని ఈ గ్రంథాల వైపు నడిపించింది.

కౌన్సెలర్ అంటే ఎవరు?

కౌన్సెలర్ అనే మాటను మనం సాధారణంగా సలహాదారు అని అనువదించుకుంటాం. ఈ అనువాదంలోనే ఒక చిక్కు ఉన్నది. సలహా ఇచ్చేవాడికి సమాధానం ముందే తెలిసి ఉంటుంది. వినేవాడు దానిని స్వీకరించాలి. కౌన్సెలర్ పని దీనికి భిన్నమైనది. ఎదుటి వ్యక్తి తన స్థితిని తానే స్పష్టంగా చూచుకోగలిగేటట్లు, తన నిర్ణయాన్ని తానే చేసుకోగలిగేటట్లు తోడు నిలవడం ఆ పని. సానుభూతి అనే మాట మనకు పరిచితమే. ఉర్దూలో హమ్‌దర్దీ అంటాం. హమ్ అంటే కలిసి, దర్ద్ అంటే నొప్పి. ఎదుటివాని నొప్పిలో పాలుపంచుకోవడమే హమ్‌దర్దీ. అయితే కౌన్సెలర్ అక్కడితో ఆగకూడదు. ఆ నొప్పిని ఎదుటివాని కళ్లతోనే చూడాలి, కాని అందులో తాను మునిగిపోకూడదు. మునిగినవాడు మరొకరిని ఒడ్డుకు చేర్చలేడు కదా.

కౌన్సెలర్ వద్దకు వచ్చే వ్యక్తిని రోగి అని గాక క్లయింట్ అని పిలవడం ఆనవాయితీ. మన తెలుగులో క్లయింట్ అంటే న్యాయవాది దగ్గరకు వెళ్లే కక్షిదారుడే గుర్తుకు వస్తాడు. ఈ మాట మార్పు కేవలం మర్యాద కోసం జరిగినది కాదు. రోగి అంటే వైద్యుని ఆధీనంలో ఉండేవాడు. క్లయింట్ అంటే తన వ్యవహారానికి తానే యజమాని. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ రోజర్స్ 1942లో వెలువరించిన గ్రంథం ద్వారా ఈ మాటకు బహుళ ప్రచారం కలిగించాడు.

వృత్తి పుట్టుక

ఈ వృత్తికి రెండు మూలాలున్నాయి. రెండూ 1908 సంవత్సరానికి చెందినవే కావడం విశేషం. ఆ ఏడాది బోస్టన్ నగరంలో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన యువకులకు తగిన ఉద్యోగాన్ని ఎంచుకోవడంలో సాయపడేందుకు ఒక కార్యాలయం నెలకొల్పాడు. అదే ఏడాది క్లిఫర్డ్ బీర్స్ అనే ఆయన మానసిక చికిత్సాలయాలలో తాను అనుభవించిన దుర్భర జీవితాన్ని పుస్తకంగా ప్రకటించాడు. మానసిక వ్యాధిగ్రస్తులను మనుషులుగా చూడాలనే ఉద్యమం దానితో ఊపందుకున్నది. మార్గదర్శనం ఒక పాయ, మానసిక ఆరోగ్యం మరొక పాయ. ఈ రెండు పాయలూ కలిసి ప్రవహించడానికి యుద్ధాలు కారణమయ్యాయి.

మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాలలో నెలల తరబడి ఫిరంగుల మోత మధ్య గడిపిన సైనికులకు మాట పడిపోవడం, కాళ్లు కదలకపోవడం, ఒళ్లు వణకడం వంటి లక్షణాలు కనిపించాయి. వారి శరీరాలకు గాయాలు లేవు. చార్లెస్ మయర్స్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త 1915లో ప్రచురించిన వ్యాసంలో దీనిని షెల్ షాక్ అని పేర్కొన్నాడు. పిరికితనమని నిందించినవారు ఎందరో, నటన అని శిక్షించినవారు ఎందరో. అట్టి కాలంలో స్కాట్లండ్‌లోని క్రెయిగ్‌లాకార్ట్ సైనిక వైద్యశాలలో డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ అనే వైద్యుడు రోగులతో మాట్లాడటాన్నే చికిత్సగా ఎంచుకొన్నాడు. ఈ రివర్స్ మన దేశానికి కొత్తవాడు కాడు. 1901-02 మధ్య నీలగిరులకు వచ్చి తోడా తెగవారి జీవితాన్ని పరిశీలించి, 1906లో ఉద్గ్రంథం ప్రచురించిన మానవ శాస్త్రజ్ఞుడు ఈయనే. యుద్ధ స్మృతులను మరచిపొమ్మని సైనికునికి చెప్పడం మేలు కన్న కీడే ఎక్కువ చేస్తుందని 1917 డిసెంబరులో చేసిన ఉపన్యాసంలో ఆయన వివరించాడు. అణచిపెట్టిన జ్ఞాపకం పగలు మౌనంగా ఉండి రాత్రి పీడకలగా వస్తుందని ఆయన అనుభవం. నూరేళ్ల తరువాత కూడా "జరిగింది మరచిపో నాయనా" అనే సలహానే మనం ఇస్తున్నాం.

రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేసరికి లక్షలాది సైనికులు ఒక్కసారిగా ఇళ్లకు చేరుకున్నారు. వారందరికీ మానసిక వైద్యులు చాలరు. అందువల్ల కార్ల్ రోజర్స్ తన పద్ధతిని సైనికులతో పనిచేసేవారికి నేర్పించాడు. తిరిగి వచ్చిన సైనికులతో ఎట్లా మాట్లాడాలో వివరిస్తూ జాన్ వాలెన్‌తో కలిసి 1946లో ఒక చిన్న పుస్తకం రాశాడు. వైద్యుడు కానివాడు సైతం సరైన శిక్షణ పొందితే మనసు విప్పించి వినగలడనే నమ్మకం ఆ కాలంలోనే బలపడింది.

కుటుంబం వైపు చూపు

ఇంతవరకు దృష్టి అంతా సైనికుని మీదనే. అతని ఇంటి సంగతి పట్టించుకున్నవారిలో ప్రముఖుడు రూబెన్ హిల్ అనే సమాజ శాస్త్రవేత్త. అయోవా రాష్ట్రంలోని 135 కుటుంబాలను పరిశీలించి, యుద్ధం వల్ల కలిగిన వియోగాన్నీ, పునస్సమాగమాన్నీ అవి ఎట్లా ఎదుర్కొన్నాయో 1949లో గ్రంథస్థం చేశాడు. ఆయన సిద్ధాంతం సులభమైనది. ఒకే ఆపద రెండిళ్ల మీద పడినా ఒక ఇల్లు నిలుస్తుంది, మరొక ఇల్లు కూలుతుంది. కారణం ఆపద ఒక్కటే కాదు. ఆ ఇంటికి ఉన్న ఆసరాలు ఏమిటి, ఆ ఆపదను ఇంటివారు ఏ విధంగా అర్థం చేసుకొంటున్నారు అనే రెండు అంశాలు కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయి. గడచిన ఆపదను కౌన్సెలర్ మార్చలేడు. ఆసరాను పెంచగలడు, అర్థం చేసుకొనే తీరును మార్చడానికి తోడ్పడగలడు. ఈ వృత్తి మొత్తానికి ఇదే పునాది అనవచ్చు.

వియోగం కన్న పునస్సమాగమమే కొన్ని సార్లు కష్టతరమని తరువాతి పరిశీలనలు తేల్చాయి. నౌకాదళ కుటుంబాల అనుభవాన్ని ఆధారం చేసుకొని కాథ్లీన్ లోగన్ 1987లో ఏడు దశలను వర్ణించింది. భర్త ఓడ ఎక్కడానికి కొన్ని వారాల ముందు దంపతుల మధ్య చిన్న విషయాలకే పోట్లాటలు వస్తాయి. విడిపోవడం బాధాకరం కనుక మనసు ముందే దూరం జరగడం మొదలుపెడుతుంది. ఆ సంగతి తెలియని భార్య తన దాంపత్యమే చెడిపోయిందని కుమిలిపోతుంది. అతడు వెళ్లిన తరువాత కొంతకాలం దిక్కుతోచదు. ఆపైన ఆమె క్రమంగా ఇంటి పగ్గాలు చేపడుతుంది. బ్యాంకు పని, పిల్లల చదువు, ఇంటి మరమ్మతు అన్నీ తానే చూసుకోగలనని తెలుసుకొంటుంది. అతడు తిరిగివచ్చి పాత స్థానంలో కూర్చోబోతే ఆ స్థానం అక్కడ ఉండదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఈ దశలు సహజమైనవేనని ముందుగా చెప్పడమే కౌన్సెలర్ చేసే మొదటి మేలు.

మరొక రకమైన కష్టం కూడా ఉన్నది. వియత్నాం యుద్ధంలో గల్లంతైన వైమానికుల కుటుంబాలను పాలీన్ బాస్ అనే పరిశోధకురాలు 1970 దశకంలో పరిశీలించింది. భర్త బ్రతికి ఉన్నాడో లేదో తెలియదు. ఏడవడానికి లేదు, ఎదురుచూడకుండా ఉండటానికీ లేదు. ఈ స్థితిని ఆమె అస్పష్టమైన నష్టం అన్నది. దీనికి రెండు రూపాలు. మనిషి కంటికి కనిపించడు గాని మనసులో ఉంటాడు; లేక మనిషి కళ్లెదుట ఉంటాడు గాని మనసు ఇంకెక్కడో ఉంటుంది. ఈ రెండవ రూపాన్ని గురించి చదివినప్పుడు మాకు ఆ తల్లి అన్న మాట జ్ఞాపకం వచ్చింది. పరిశోధకురాలు గ్రంథాలలో చెప్పిన దానిని ఆమె ఒక్క వాక్యంలో మా ముందు ఉంచింది. మేమే వినలేకపోయాం.

చదువు, శిక్షణ

అమెరికాలో ఈ వృత్తిని చేపట్టదలచినవారు డిగ్రీ తరువాత కౌన్సెలింగ్‌లో స్నాతకోత్తర పట్టం పొందాలి. గుర్తింపు పొందిన సంస్థలలో ఈ చదువులో భాగంగా 100 గంటల ప్రాథమిక అభ్యాసం, ఆపైన 600 గంటల క్షేత్ర శిక్షణ ఉంటాయి. పట్టం చేతికి రాగానే స్వతంత్రంగా పనిచేయడానికి వీలులేదు. అనుభవజ్ఞుని పర్యవేక్షణలో వేలాది గంటలు పనిచేసి, పరీక్షలో ఉత్తీర్ణులై, రాష్ట్ర ప్రభుత్వం నుండి లైసెన్సు పొందాలి. ఈ లైసెన్సు విధానాన్ని మొదట ప్రవేశపెట్టినది 1976లో వర్జీనియా రాష్ట్రం. చివరగా శాసనం చేసినది 2009లో కాలిఫోర్నియా. అంటే 50 రాష్ట్రాలలో ఈ వృత్తికి చట్టబద్ధమైన గుర్తింపు లభించడానికి 33 ఏళ్లు పట్టింది.

లైసెన్సు పొందిన కౌన్సెలర్‌కు సైనిక కుటుంబాలతో పనిచేసే మార్గాలు అనేకం. వియత్నాం నుండి వచ్చిన సైనికుల కోసం 1979లో ప్రారంభమైన వెట్ సెంటర్లు వాటిలో ఒకటి. ఇవి ఆసుపత్రులలో గాక ఊరి మధ్య సాధారణ భవనాలలో వెలిశాయి. అక్కడ పనిచేసేవారిలో పలువురు తామే యుద్ధం చేసి వచ్చినవారు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల కాలంలో, 2004లో, రక్షణ శాఖ కుటుంబ జీవన కౌన్సెలర్ల పథకాన్ని మొదలుపెట్టింది. వీరు సైనిక స్థావరాలలో, సైనికుల పిల్లలు చదివే పాఠశాలలలో పనిచేస్తారు. కుటుంబాలకు రుసుము ఉండదు. వ్యాధి నిర్ణయం చేయరు. తీవ్రమైన లక్షణాలు కనిపిస్తే వైద్యుని వద్దకు పంపుతారు. మరికొందరు ఆసుపత్రులలోనో స్వంత కార్యాలయాలలోనో మానసిక వ్యాధుల చికిత్సలో పాల్గొంటారు. ఒకే వ్యక్తి తన జీవితకాలంలో ఈ స్థానాలన్నింటినీ చూడటం కద్దు.

ఒక ఉదాహరణ

పని తీరు బోధపడటానికి ఒక ఇంటిని ఊహించుకుందాం. తండ్రి సార్జెంటు, తొమ్మిది నెలలు విదేశంలో ఉండి వచ్చాడు. పదేళ్ల కొడుకు బడిలో తోటి పిల్లలను కొడుతున్నాడు. సైనికుల పిల్లలు బడి చదువు పూర్తయ్యేలోగా ఆరు నుండి తొమ్మిది సార్లు ఊరు మారతారని అంచనా. స్నేహితుడు దొరికేసరికి సామాను కట్టవలసి వస్తుంది. బడిలో ఉన్న కౌన్సెలర్ తల్లి అనుమతి తీసుకొని పిల్లవానితో మాట్లాడుతుంది. అడగగానే అతడు చెప్పడు. బొమ్మ గీయమంటే ఇల్లు గీస్తాడు. అందులో తండ్రిని గీయడు. కౌన్సెలర్ తొందరపడి దానికి అర్థం చెప్పదు. "ఈ ఇంట్లో ఎవరెవరున్నారు?" అని మాత్రమే అడుగుతుంది.

తల్లి మొదటి రోజు తమ ఇంట్లో ఏ ఇబ్బందీ లేదంటుంది. మూడవ రోజున, "ఆయన లేనప్పుడే ఇల్లు ప్రశాంతంగా ఉండేదనిపిస్తున్నది" అని అంటుంది. ఇక్కడ సలహాదారుకూ కౌన్సెలర్‌కూ గల భేదం చూడండి. సలహాదారు అయితే, "అట్లా అనకూడదమ్మా, దేశం కోసం కష్టపడి వచ్చాడు" అంటాడు. ఆమె మళ్లీ నోరు విప్పదు. కౌన్సెలర్, "ఇన్నాళ్లూ ఆయన రాక కోసమే ఎదురుచూశారు. వచ్చిన తరువాత ఇట్లా అనిపించడం మీకే కష్టంగా ఉన్నట్లుంది" అంటుంది. అప్పుడు ఆమె ఏడుస్తుంది, ఆపైన చెబుతుంది. క్రమంగా తండ్రి కూడా వచ్చి కూర్చుంటాడు. ఎవరు ఏ పని చూసుకోవాలి, పిల్లవానికి నిద్రవేళ ఎవరు నిర్ణయించాలి వంటి చిన్న ఒప్పందాలు కుదురుతాయి. అద్భుతాలేవీ జరగవు. పిల్లవాడు కొట్టడం కొంత తగ్గుతుంది. ఈ వృత్తిలో విజయం అంటే సాధారణంగా ఇంతే.

గాయం లోతైనప్పుడు

అన్ని ఇళ్ల కథలూ ఇంత తేలికగా తీరవు. యుద్ధ జ్ఞాపకాలు బలవంతంగా చొరబడటం, వాటిని గుర్తుచేసే వాటి నుండి తప్పించుకు తిరగడం, తన మీద, లోకం మీద నమ్మకం పోవడం, ఎప్పుడూ ప్రమాదం పొంచి ఉన్నట్లు ఉలిక్కిపడటం అనే లక్షణాలు నెలకు మించి కొనసాగి జీవితాన్ని దెబ్బతీస్తే, దానిని ఆఘాతానంతర మానసిక రుగ్మత అంటారు. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం 1980లో దీనికి అధికారికంగా స్థానం కల్పించింది. ఇది నయం చేయదగినదే. జ్ఞాపకాన్ని సురక్షితమైన చోట పదే పదే చెప్పించి భయాన్ని తగ్గించే పద్ధతిని ఎడ్నా ఫోవా రూపొందించింది. "నా వల్లనే నా స్నేహితుడు చనిపోయాడు" వంటి నమ్మకాలను పరీక్షకు పెట్టే పద్ధతిని పాట్రీషియా రెసిక్ రూపొందించింది. ఈ రెండవది సాధారణంగా 12 సమావేశాలలో పూర్తవుతుంది. వీటిని ప్రత్యేక శిక్షణ పొందినవారే చేపట్టాలి.

ఆత్మహత్య గురించి అడగటం కౌన్సెలర్ విధులలో అతి కీలకమైనది. అడిగితే లేని ఆలోచన పుట్టుతుందని మనలో ఒక అపోహ ఉన్నది. అది నిజం కాదని పరిశోధనలు నిరూపించాయి. కనుక కౌన్సెలర్ డొంకతిరుగుడు లేకుండా, "చనిపోవాలనిపిస్తున్నదా?" అని అడుగుతాడు. అవునంటే ఇంట్లో ఆయుధం ఉన్నదా, దానిని కొంతకాలం వేరొకరి వద్ద ఉంచగలరా అని మాట్లాడతాడు. ఆ కొద్దిపాటి దూరమే అనేక ప్రాణాలను నిలుపుతుంది.

గోప్యత, భయం

సైనికులు సహాయం కోరడానికి వెనుకాడతారు. ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాలలో పాల్గొన్నవారిపై జరిగి 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, మానసిక రుగ్మత లక్షణాలున్నవారిలో 23 నుండి 40 శాతం మంది మాత్రమే చికిత్సకు వెళ్లినట్లు తేలింది. పై అధికారులు బలహీనుడని అనుకుంటారేమో, ఉద్యోగం దెబ్బతింటుందేమో అనే భయమే దీనికి ముఖ్య కారణాలలో ఒకటి. యుద్ధానుభవం వల్ల గాని కుటుంబ కారణాల వల్ల గాని కౌన్సెలింగ్ తీసుకొన్న విషయాన్ని భద్రతా పరిశీలన పత్రంలో పేర్కొననక్కర లేదని 2008లో అమెరికా ప్రభుత్వం సడలింపు ఇవ్వవలసి వచ్చింది.

కాబట్టి గోప్యత ఈ వృత్తికి ఊపిరి వంటిది. అయితే దానికి హద్దులున్నాయి. క్లయింటు తనకు గాని ఇతరులకు గాని ప్రాణహాని తలపెట్టినప్పుడు, పిల్లలపై అత్యాచారం జరుగుతున్నప్పుడు మౌనం పాటించకూడదు. సైనిక కుటుంబాల కౌన్సెలర్లకు గృహహింస కూడా ఈ కోవలోనిదే. ఈ హద్దులను మొదటి రోజే క్లయింటుకు చెప్పడం ధర్మం.

వినేవానికి కూడా అలసట ఉంటుంది. ఏళ్ల తరబడి ఇతరుల ఆఘాతాలను వినేవారికి కూడా పీడకలలు రావచ్చును. స్వయంగా వియత్నాం యుద్ధంలో పాల్గొన్న చార్లెస్ ఫిగ్లీ 1990 దశకంలో దీనిని కరుణాశ్రమ అనదగిన పేరుతో వివరించాడు. అందుచేత కౌన్సెలర్ కూడా తన పర్యవేక్షకుని దగ్గర మనసు విప్పుకోవాలి, సెలవు తీసుకోవాలి. దీపానికి నూనె పోయకుండా వెలుగు ఆశించడం అవివేకం.

మన ఇల్లు, మన కళాశాల

ఇదంతా పరాయి దేశపు సంగతి అని మన విద్యార్థులు భావించరాదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరం గ్రామాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాల నాటి నుండి ఆ ఊరు తరతరాలుగా సైన్యానికి బిడ్డలను ఇస్తున్నది. మన తెలుగు నేలపై జవాను లేని ప్రాంతం ఉండదు. కుటుంబాన్ని చికిత్సలో భాగస్వామిని చేసే ఆలోచన కూడా మనకు కొత్తది కాదు. 1950 దశకంలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల బంధువులను వారితోపాటే ఉంచి చికిత్స చేశాడు. 1966లో ఏర్పడిన సైనికుల భార్యల సంక్షేమ సంఘం నేటికీ పనిచేస్తున్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందడాన్ని, గోప్యతను హక్కులుగా గుర్తించింది. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులో కూడా మాట్లాడవచ్చును. సైనికులకు, వారి కుటుంబాలకు ప్రత్యేకంగా పుణేలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో 2023 డిసెంబరులో ఒక విభాగాన్ని ప్రారంభించారు.

ఆ తల్లి మా గదికి వచ్చిన నాటికి ఈ ఫోను సేవ లేదు. పెద్ద కుమారుడు సెలవు ముగియగానే విధులకు వెళ్లిపోయాడు. మా విద్యార్థి ఆ ఏడాది పరీక్ష తప్పి, మరుసటి ఏడాది రాసి ఉత్తీర్ణుడయ్యాడు. పట్టా తీసుకొన్న రోజున మేము అతని దగ్గర మా పొరపాటును ఒప్పుకొన్నాం. "పర్లేదు సార్, మీకు తెలీదు కదా" అన్నాడు. తెలియకపోవడం ఒకసారికి క్షమార్హం. తెలుసుకొన్న తరువాత కూడా ఊరుకోవడం తగదు.

అందుచేత కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా ఒక మనవి చేస్తున్నాం. పెద్ద భవనం అక్కరలేదు. గ్రంథాలయం ప్రక్కన ఖాళీగా ఉన్న చిన్న గదిలో రెండు కుర్చీలు వేయించి, వారానికి రెండు రోజులైనా శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను రప్పించగలిగితే చాలు. ఆ గది తలుపు అధ్యాపకుల గదికి ఎదురుగా ఉండరాదు. లోపలికి ఎవరు వెళ్లారో మాకు తెలియకపోవడమే మంచిది. ఉర్దూ, తెలుగు రెండూ వచ్చినవారైతే మరీ మేలు. మనిషి ఏ భాషలో కలలు కంటాడో ఆ భాషలోనే తన బాధ చెప్పుకోగలడు. ఇక విద్యార్థినీ విద్యార్థులకు మా మాట ఒక్కటే. మీలో ఇతరుల మాటను మధ్యలో తుంచకుండా వినగలిగే ఓర్పు ఉన్నవారు ఉంటే, మనస్తత్వ శాస్త్రం వైపు ఒకసారి చూడండి. రేపు ఏ తల్లి అయినా ఏ కళాశాల గుమ్మంలోనైనా నిలబడి అదే ప్రశ్న అడిగితే, మావలె తడబడకుండా, "కూర్చోండమ్మా, చెప్పండి" అనగలిగేవారు మన కళాశాల నుండి వెలువడాలని ఆకాంక్షిస్తున్నాం.